ఏడో కుట్టు

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ నేను, నీ కోడలు, నీ మనవరాలు ముగ్గురం బాగున్నాం. కిటికీ పక్కనున్న నీ కుర్చీని ఆక్రమించుకున్న పిల్లి మా ముగ్గురికంటే బాగుంది. అక్కడ నువ్వూ, పిన్నీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూశాక తెలిసి మనసు కుదుటపడింది. ఉత్తరమంతా పిన్ని దస్తూరీయే అయినా, చివర సంతకం నీదేనని ఒక్క చూపులో పోల్చుకున్నాను. మొదటి అక్షరం కొంచెం తూలింది గానీ మిగతావి దాన్ని పడిపోకుండా పట్టుకున్నాయి. నీ కోడలు ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నీ మనవరాలు దాని కిందే తన పేరు రాసి, "నాదే బాగుంది" అని తీర్పు కూడా చెప్పేసింది.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరాలేమిటని మొదట్లో నేను గొణిగిన మాట నిజమే. నీ చేతికి కసరత్తు చేయించే అమ్మాయి వారానికో ఉత్తరం రాసి తీరాలని నీకు పని పెట్టింది. జవాబు రాసే పని నా నెత్తిన పడింది. రోజంతా రెంచీ పట్టుకునే చేతిలో కలం ఓ పట్టాన ఇమడదు. కానీ ఇవాళ నేను చెప్పబోయేది ఫోన్లో చెప్పలేను. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ" అంటావు. నీ "ఊఁ" విన్నాక ఇక నా నోరు పెగలదని నీకూ తెలుసు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. పొయ్యి రెండో బర్నరు బాగుచేయించాను. బాగుచేయించాను అంటే నేనే విప్పాను, వారం రోజులు విడిభాగాలుగా బల్లమీద ఉంచాను, చివరికి నీ కోడలు తిట్టి మనిషిని పిలిపించింది. మనవరాలి ముందు పన్ను ఊడింది. ఊడిన పన్నుని అగ్గిపెట్టెలో దాచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తోంది. నేను లిఫ్టు గుంటల్లో తడిచలిలో నిలబడి పనిచేస్తున్నానా అని అడిగావు. లిఫ్టు మెకానిక్కుని, గుంటలో కాక పూలతోటలో నిలబెడతారా అమ్మా? నడుము కాస్త పట్టేస్తోంది, అంతే.

బంతి పట్టుకుని ఏడు లెక్కపెట్టేసరికి వేళ్ళు వాటంతటవే వదిలేస్తున్నాయని రాశావు. పోయిన నెలా ఏడే, ఈ నెలా ఏడే, ఇక ఇంతేనేమో అని కూడా రాశావు. ఆ ఏడు గురించి నా దగ్గర ఒక కబురుంది. దానికి కొంచెం ఆగాలి.

నీ ఆఖరి ప్రశ్న, కింది సొరుగులో ఉన్న నీ సగం అల్లిన స్వెట్టరు సంగతి. ఇక ఊలు పట్టుకోవచ్చని కసరత్తు అమ్మాయి చెప్పిందనీ, దాన్ని వెంటనే పార్సిల్లో పంపమనీ రాశావు. దానికి చివర్లో జవాబు చెప్తాను. కంగారు పడకు, నేరుగా కింది పేరా చదవకు. నువ్వు చదువుతావని తెలిసే చెప్తున్నాను.

మన పేటలో ఫోన్లో ఒక గ్రూపు నడుస్తోంది. దాని పేరు "తీసుకెళ్ళండి". ఇంట్లో అక్కర్లేని వస్తువుంటే ఫొటో తీసి పెడతారు. కావలసినవాళ్ళు "నాకు" అంటారు. వెళ్ళి తెచ్చుకుంటారు. అంతే, ఇంకో మాట లేదు. నీ కోడలు నన్ను అందులో చేర్చింది. చేర్చి తప్పు చేశానని ఇప్పుడు నెత్తి కొట్టుకుంటోంది, ఎందుకంటే నేను పళ్ళు తోముకుంటూ కూడా అదే చూస్తున్నాను.

మొదట్లో నవ్వుకోవడానికే చూసేవాణ్ణి. ఒకావిడ ఒక్క బూటు పెట్టింది, ఎడమకాలిది, కొత్తది. రెండోది రైల్లోంచి జారిపోయిందట. దీన్ని ఏ మహానుభావుడు తీసుకుంటాడో చూద్దామని నేను నవ్వుతూ ఉండగానే ఒకాయన, "నాకు. నాకున్నది ఎడమకాలే, సైజు కూడా సరిపోయింది" అని పెట్టాడు. అప్పట్నుంచి నవ్వడం మానేసి చదవడం మొదలుపెట్టాను. ఇంకొకాయన ఆగిపోయిన గోడగడియారం పెడితే నాటకాలవాళ్ళు ఎగిరి గంతేసి పట్టుకుపోయారు. వాళ్ళ నాటకంలో ఎప్పుడూ నాలుగున్నరేనట, నడిచే గడియారంతో నానా తిప్పలు పడుతున్నారట. ఏ తాళానివో తెలియని తాళంచెవులు డబ్బాడు పెడితే, దాన్ని తీసుకున్నవాడు తాళాలు బాగుచేసే మనిషి.

ఇరవై ఏళ్ళుగా ఈ ఇళ్ళ మధ్యే పైకీ కిందికీ తిరుగుతున్నాను కదా. ఎన్ని వేల తలుపుల ముందు నిలబడి ఉంటాను! ఒక తలుపు వెనక అడ్డంగా పడివున్న వస్తువు కోసం రెండు వీధుల అవతల ఇంకో తలుపు వెనక ఎవరో వెతుక్కుంటున్నారని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఆ మాట నీ కోడలితో అంటే, "మీకు మోటారు తప్ప ఇంకేం తట్టింది గనక" అంది.

ఆ గ్రూపులో ఒక నియమం ఉంది. ఇది గుర్తుపెట్టుకో, ముందు ముందు దీంతో పనుంది. తీసుకున్న వస్తువు నెల రోజుల్లో మనకి ఉపయోగపడకపోతే మళ్ళీ గ్రూపులో పెట్టేయాలి. పెట్టేటప్పుడు అది మనం తెచ్చుకున్ననాటికంటే పిసరంతైనా మెరుగ్గా ఉండాలి. తుడుస్తావో, మేకు కొడతావో, రంగు వేస్తావో నీ ఇష్టం. తగ్గించి మాత్రం పెట్టకూడదు. మా ఆఫీసు మెట్ల కింద పడివున్న కుంటి కుర్చీని నేనే పెట్టాను. ఒకరు కాలు బిగించారు, ఇంకొకరు నునుపు చేశారు, నాలుగో ఇంటికి చేరేసరికి దానికి దిండు కూడా వచ్చింది. ఇప్పుడు దాన్ని తిరిగి అడుగుదామా అనిపించేటంత బాగుంది.

ఇక అసలు సంగతి.

ఆ స్వెట్టరు సొరుగులో లేదమ్మా. లేక మూడు నెలలు కావస్తోంది. నువ్వు తిరిగొచ్చేసరికి నీ గదిలో పట్టుకోవడానికి కమ్మీలున్న మంచం వేయిద్దామని గది ఖాళీచేశాను. చేస్తూ చేస్తూ ఊలు ఉండలు, సూదులు, ఆ సూదులకే వేలాడుతున్న సగం అల్లిక, అన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి ఫొటో తీసి, "తీసుకెళ్ళండి" అన్నాను. పావుగంటలో ఎవరో పట్టుకుపోయారు. పోయిన నెల నువ్వు ఫోన్లో అడిగితే భద్రంగా ఉందన్నాను. అబద్ధం చెప్పాను.

ఆగు. ఇంకా ఉంది. చదవడం ఆపకు.

నీ ఉత్తరం అందిన రోజున నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. వెంటనే గ్రూపులో, "మూడు నెలల కిందట ఒక ఊలు సంచి ఇచ్చాను, అది తిరిగి కావాలి, ఎవరి దగ్గరుందో దయచేసి చెప్పండి" అని పెట్టాను. ఇచ్చిన వస్తువు తిరిగి అడగడం అక్కడ మర్యాద కాదు. ఎవరైనా చీవాట్లు పెడతారేమో అనుకున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. "మొదట నేను తీసుకున్నానన్నా, డిపోకి రండి" అని బస్సు నడిపే అమ్మాయి ఒకామె జవాబిచ్చింది.

వెళ్ళాను. పాతికేళ్ళుంటాయి. బస్సు మెట్టుమీద కూర్చుని టీ తాగుతోంది. తనకి సూదులు కావలసి తీసుకుందట, అల్లడం నేర్చుకుందామని. నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని నువ్వు అల్లిన దాన్నే ముందు పెట్టుకుని, చివరి వరసలు చూసి చూసి నేర్చుకుంది. ఆఖరి స్టాపులో బస్సు ఆగే పది నిమిషాల్లోనే తన చదువంతా.

"నెలంతా కష్టపడితే అయిదు వరసలొచ్చాయన్నా. ఆరు కుట్లు తిన్నగా వస్తాయి, ఏడోది పక్కకి వాలాలి చూడండి, అది వచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. తిన్నగా వచ్చేస్తుంటే విప్పేసి మళ్ళీ అల్లేదాన్ని."

ఏడో కుట్టు ఎందుకు వాలాలని అడిగాను.

"అదేంటన్నా, అందరూ అలాగే కదా అల్లుతారు?" అంది.

ఆ కుట్టు ఎందుకు వాలిందో నాకు తెలుసు. నీకూ తెలుసు. చెయ్యి పడిపోయి ఆస్పత్రి నుంచి వచ్చాక, కసరత్తు కోసం పిన్ని దగ్గరికి వెళ్ళేలోపు, మేం ఇంట్లో లేనప్పుడు నువ్వు కిటికీ దగ్గర కూర్చుని అల్లడానికి ప్రయత్నించావు. మాకు చెప్పలేదు. తర్వాత సొరుగులో అడుగున తోసేశావు. నేను సొరుగు లాగినప్పుడు ముందు కనబడినవి ఆ వంకర వరసలే.

నెలయ్యాక స్వెట్టరు తనవల్ల కాదని ఆ అమ్మాయి దాన్ని తిరిగి గ్రూపులో పెట్టింది. నియమం ఉంది కదా, విప్పితే తగ్గించినట్టు అవుతుంది. అందుకని అయిదు వరసలు పెంచి, చేత్తో ఉతికి, నీడలో ఆరేసి, కుట్లు జారకుండా సూదుల చివర్లకి బెండు ముక్కలు గుచ్చి మరీ పెట్టింది. దాన్ని రిటైరైన ఒక లెక్కల టీచరుగారు తీసుకున్నారు. ఆవిడది ఐదో అంతస్తు. నేను వెళ్ళిన రోజున వాళ్ళ లిఫ్టు పనిచెయ్యడం లేదు. నేను ఎక్కడికెళ్తే అక్కడ లిఫ్టు పనిచెయ్యదు, అది నా జాతకం.

రొప్పుతూ పైకెక్కి సంగతి చెప్పాను. సంచి ఇప్పుడు తన దగ్గర లేదనీ, వీపు భాగం ముందే పూర్తయి ఉండటంతో ముందు భాగం మెడదాకా అల్లి, చేతులు అల్లడం తనకి విసుగు గనక మళ్ళీ గ్రూపులో పెట్టాననీ చెప్పారు. ఎవరు తీసుకున్నదీ తెలుసన్నారు. చెప్పి, నా భుజాన ఉన్న పనిముట్ల సంచి వంక చూశారు. నాకర్థమైంది. స్టూలు వేసుకుని లిఫ్టు తలుపు పైన ఉన్న పెట్టె విప్పాను. ఆవిడ పక్కనే నిలబడి గళ్ళ నోటుబుక్కు తెరిచారు.

అమ్మా, నువ్వది చూడాలి. నీ స్వెట్టరు మొత్తం ఆ నోటుబుక్కులో ఉంది. ఒక్కో కుట్టుకి ఒక్కో గడి. వాలిన కుట్టు వచ్చినచోటల్లా పెన్సిల్తో చిన్న ఏటవాలు గీత. పేజీ దూరంగా పట్టుకుంటే సన్నటి వాన కురుస్తున్నట్టుంది.

"మొదట చెయ్యి తప్పిందేమో అనుకున్నా బాబూ. ఒక వరసలో అయితే తప్పే. పదహారు వరసలు అదే క్రమం! ఆ పైన అయిదు వరసలు వేరే చెయ్యి అల్లింది. బిగువు చూస్తేనే తెలిసిపోతుంది. అయినా అదే క్రమం. రెండు వేరు వేరు చేతులు ఒకేచోట తప్పవు కదా. ఇది తెలిసి చేసిన పనే. ఇన్నేళ్ళుగా అల్లుతున్నా, ఇలాంటిది నేనెక్కడా చూళ్ళేదు. మా స్నేహితులకి చూపిస్తే ఇద్దరు అప్పుడే మొదలుపెట్టారు కూడా."

నేను పెట్టెలో తల దూర్చి పని చేసుకుంటున్నాను. తల బయటికి తియ్యాలంటే భయమేసింది.

"ఇంకోటుంది" అన్నారు ఆవిడ. "కుడి చంక కింద పద్దెనిమిది కుట్లు ఎక్కువ వేసింది మహాతల్లి. ఎడమవైపు వెయ్యలేదు. ఎందుకో రెండు రోజులు అంతుపట్టలేదు నాకు. ఇది వేసుకునే మనిషి పొద్దస్తమానం కుడిచెయ్యి పైకెత్తి పనిచేస్తాడు. మామూలు స్వెట్టరైతే చెయ్యెత్తగానే నడుము మీంచి లేచిపోతుంది, వీపుకి చలి కొడుతుంది. ఇది లేవదు. ఆవిడెవరో అతన్ని ఒకరోజు చూసి అల్లింది కాదు, ఏళ్ళ తరబడి చూసి..."

మాట మధ్యలో ఆగిపోయింది. నోటుబుక్కు మూసిన చప్పుడు వినబడింది.

"బాబూ" అన్నారు మెల్లిగా. "ఒక్కసారి ఆ చెయ్యి దించి మళ్ళీ ఎత్తు."

ఎత్తాను. ఎత్తగానే చొక్కా లేచి నడుముకి చలిగాలి తగిలింది. ఇరవై ఏళ్ళుగా తగులుతూనే ఉంది, నాకు అది అలవాటైపోయి చలి అనిపించడం మానేసింది. ఎవరికి అల్లుతున్నావని నేను అడిగినప్పుడు నువ్వు "చలేసేవాళ్ళకి" అన్నావు. పిన్నికేమో అనుకున్నాను. నాకోసం అల్లిన దాన్ని నేనే సంచిలో పెట్టి ఊరిమీదికి వదిలేశానని ఆ స్టూలు మీద నిలబడి ఉండగా తెలిసింది. కళ్ళు మసకబారి స్క్రూ ఎక్కడుందో కనబడలేదు. టీచరుగారు లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

తర్వాత ఆవిడే, "పద, నేనూ వస్తా, అదెంతవరకొచ్చిందో చూడాలి" అని చెప్పులు వేసుకున్నారు. లిఫ్టులో దిగాం. అది ఏ పేచీ పెట్టకుండా దిగింది.

స్వెట్టరు తీసుకున్నాయన రైలు గేటు కాపలాదారు. పట్టాల పక్కన చిన్న గది, లోపల ఒక బల్ల, గోడకి రైళ్ళ వేళల పట్టిక, గోడకి ఆనించి జెండాలు. పెద్ద మీసాల మనిషి. ఒళ్ళో గోధుమరంగు ఊలు. మమ్మల్ని చూసి లేవబోయి, వరస మధ్యలో ఉన్నాడు కాబోలు, కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

"రైలుకీ రైలుకీ మధ్య ఒక వరస పడుతుందండి. రైలు ఆలస్యమైతే రెండు. ఇది మొదలెట్టాక ఆలస్యమైనందుకు తిట్టుకోవడం మానేశా" అన్నాడు వరస ముగించి.

భుజాల దగ్గర కుట్లు ఎత్తుకుని కిందికి అల్లుకుంటూ వచ్చాడట. ఎడమచెయ్యి పూర్తయింది. కుడిచెయ్యి మణికట్టు దాకా వచ్చింది. అందులోనూ ప్రతి ఏడో కుట్టూ వాలే ఉంది. నీ పదహారు వరసలు ఎక్కడ ఆగాయో, ఆ అమ్మాయి అయిదు ఎక్కడ ఆగాయో, టీచరుగారివి ఎక్కడ మొదలయ్యాయో నేను వేలుపెట్టి వెతికాను. ఆ అమ్మాయివి కాస్త బిగుతుగా ఉన్నాయి, అంతే. మిగతాదంతా ఒకే వాన. ముగ్గురు మనుషులు, వాళ్ళలో ఒకరికొకరు పరిచయం లేదు, నీ ముఖం చూసింది లేదు, నీ చెయ్యి జారిన చోటల్లా జారినట్టే, దోసెడు ఓపికతో, విప్పి మళ్ళీ అల్లి మరీ, నీ అడుగుల్లో అడుగు వేశారు.

"ఇంకో పన్నెండు వరసలు. సాయంత్రానికి అయిపోతుంది, పట్టుకెళ్దురుగాని" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మగారు పోయి ఎన్నాళ్ళయింది బాబూ?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"సూదులతో సహా ఇచ్చేశారు కదా. అలాంటివి పోయినవాళ్ళవే వస్తాయి గ్రూపులో. అందుకే జాగ్రత్తగా అల్లా" అన్నాడు.

టీచరుగారు కూడా నా వైపు చూశారు. ఆవిడా అలాగే అనుకున్నారని ఆ చూపులోనే తెలిసింది. ఆ బస్సు అమ్మాయి కూడా అలాగే అనుకుని ఉంటుంది.

"లేదండీ. ఉంది. మా పిన్ని దగ్గరుంది" అన్నాను. "అది డిజైను కాదండీ. చెయ్యి పడిపోయాక అల్లింది. ఏడు లెక్కపెట్టేసరికి వేళ్ళు వదిలేస్తాయి. అందుకని వాలింది."

అమ్మా, ఇదీ నేను దాచింది. స్వెట్టరు ఇచ్చేయడం కాదు, ఎందుకిచ్చానన్నది. నీ సొరుగులో ఆ వంకర వరసలు చూసి, ఇక అమ్మ చెయ్యి రాదు అని నాలో నేను తీర్మానించేసుకున్నాను. నువ్వక్కడ పిన్ని ఇంట్లో రోజుకి వందసార్లు బంతి పిసుకుతుంటే, ఇక్కడ నేను నీ చేతికి నీళ్ళొదిలేశాను. ఫోన్లో "బాగైపోతుందిలే అమ్మా" అన్న ప్రతిసారీ నేను నమ్మకుండానే అన్నాను. బతికున్న నీ పనిని పోయినవాళ్ళ సామానులా సంచిలో కట్టి ఇచ్చానని ఆ గేటుగదిలో ఒక పరాయి మనిషి నోట వినేదాకా నాకు తెలియలేదు. నన్ను తిట్టు. పిన్ని చేత రాయించకుండా నువ్వే నీ చేత్తో తిట్టు.

అప్పుడే రైలొచ్చింది. గేటాయన లేచి జెండా పట్టుకుని బయటికెళ్ళాడు. గది మొత్తం అదిరింది. బల్లమీద టీ గ్లాసులు గలగలలాడాయి. ఆ మోత తగ్గేదాకా టీచరుగారు నోటుబుక్కు తెరుచుకుని ఆ ఏటవాలు గీతలనే చూస్తూ కూర్చున్నారు.

"నువ్వు ఏడోదాన్ని చూశావు" అన్నారు చివరికి. "తప్పు లేదు, వాలింది కాబట్టి కంట్లో అదే పడుతుంది. కానీ వాలాక మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది చూడు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. పదహారు వరసల్లో ఎన్నిసార్లు మొదలెట్టిందో నేను లెక్కేశా, కావాలంటే చూపిస్తా. మానేసే చెయ్యి ఇలా అల్లదు బాబూ."

గేటాయన వచ్చి, సూదుల చివర్లకి బెండు ముక్కలు గుచ్చాడు. అవి ఆ బస్సు అమ్మాయి గుచ్చినవే, చొక్కా జేబులో దాచుకున్నాడు. పన్నెండు వరసలు మిగిలి ఉన్నాయి కదా, పూర్తి చెయ్యండి అన్నాను.

"అల్లినావిడ ఉండగా ముగించడానికి నేనెవర్నండీ?" అని స్వెట్టరు మడిచి నా చేతుల్లో పెట్టాడు. పెట్టినవాడు మళ్ళీ వెనక్కి లాక్కుని, "ఒక్కసారి తొడుక్కోండి, చేతి పొడుగు చూద్దాం" అన్నాడు.

పక్కలు ఇంకా కుట్టలేదు. ఇద్దరూ కలిసి పిన్నీసులు పెట్టి నాకు తొడిగారు. కుడి మణికట్టు దగ్గర రెండు సూదులు వేలాడుతున్నాయి. చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాను. నడుము మీంచి లేవలేదమ్మా. ఒక్క అంగుళం కూడా లేవలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన ఆవిడ, పట్టాల పక్క ఎండకీ వానకీ నిలబడిన మనిషి, ఇద్దరూ చంటిపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

లిఫ్టుని మొయ్యడానికి గట్టి తీగ ఒక్కటి చాలు. అయినా మేం ఆరు కడతాం. మిగతావి ఎందుకని పనిలో కొత్తగా చేరినవాళ్ళు అడిగితే, రూలు అని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఈసారి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలిసింది గానీ, ఏడవకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు. నేను వదిలేసిన దాన్ని, నన్నడగకుండా, నిన్నెరగకుండా, ముగ్గురు పట్టుకుని ఉన్నారు. ఇంటికొస్తూ దారిలో వెలుగుతున్న కిటికీలన్నీ తలెత్తి చూశాను. ఏ కిటికీలో ఎవరు ఎవరి పని అందుకుని కూర్చున్నారో ఎవరికి తెలుసు? రోజూ నడిచే వీధే, చెప్పులు విప్పి నడవాలనిపించింది.

ఈ ఉత్తరంతో పాటే పార్సిల్ వస్తుంది. పైన స్వెట్టరు ఉంటుంది, పిన్నీసులతో సహా. పిన్నిని జాగ్రత్తగా విప్పమను. టీచరుగారు నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి ఇచ్చారు, అదీ పెడుతున్నాను. బస్సు అమ్మాయి నిన్ను "గురువుగారు" అంటోంది. నువ్వు తిరిగొచ్చాక బస్సులో ముందుసీటు నీదేనట. తను నేర్చుకున్నది తప్పు కుట్టని నేను చెప్తే, "ఇప్పుడు నాకు ఇదే వచ్చన్నా, మార్చుకోను" అని హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

కుడిచేతి అంచుకి మొత్తం నలభై రెండు కుట్లు. టీచరుగారు లెక్కేసి చెప్పారు, ఆరు ఏడులు నలభై రెండు. అంటే నీ చెయ్యి ఏడు దాకా పట్టుకుంటే చాలు, ఆరుసార్లు పట్టుకుంటే ఒక వరస. అలాంటివి పన్నెండు. రోజుకో వరసైనా పరవాలేదు, వారానికో వరసైనా పరవాలేదు. నాకు ఇరవై ఏళ్ళుగా అలవాటైన చలే, ఇంకొన్నాళ్ళు ఆగుతుంది.

ఏడో కుట్టు దగ్గర వేళ్ళు వదిలేస్తే వదిలెయ్యనీ. అక్కడ వాలాలి. ఒకవేళ ఈలోగా నీ చెయ్యి బాగైపోయి ఏడోది కూడా తిన్నగా వచ్చేసిందనుకో, ఇక్కడ ముగ్గురు ఒప్పుకోరు. విప్పి మళ్ళీ అల్లాలి.

ఇట్లు,
కుడి మణికట్టు దగ్గర చలేస్తున్న
నీ కొడుకు